ఎక్కడిదమ్మ పొట్లం

మా పెద్దమ్మకు వీధిలో ఉన్న పేరు ఎక్కడిదమ్మ. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. రాళ్ళకు సానపట్టడం ఆవిడ పని, నలభై ఏళ్ళుగా అదే పని. ఎవరైనా రాయి తెచ్చి చేతిలో పెడితే బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. "ఎక్కడిది?" అంటుంది. చెబితే "ఎవరు తీశారు?" అంటుంది. అదీ చెబితే "తీశాక గొయ్యి పూడ్చారా, అలాగే వదిలేశారా?" అంటుంది. ఇన్నిటికి జవాబు చెప్పే ఓపిక ఉన్నవాళ్ళే మా గుమ్మం ఎక్కుతారు.

ఒకసారి ఒక వ్యాపారి గుప్పెడు కెంపులు తెచ్చి బల్ల మీద పోశాడు.

"ఎక్కడివి?"

"మార్కెట్‌వండీ."

"మార్కెట్‌లో గోతులు తవ్వుతున్నారా నాయనా? నాకు తెలీనే తెలీదు!"

ఆయన నవ్వాడు. ఈవిడ నవ్వలేదు. రాళ్ళన్నీ ఏరి సంచిలో పోసి, మూతి ముడి కూడా తనే వేసి, చేతికిచ్చి పంపేసింది. ఆ నెలంతా మాకు పని లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ముందు గదిలో నగలు చేస్తాను. వెండో బంగారమో తీగ తీసి, వంచి, అతికి, ఆవిడ సానపట్టిన రాళ్ళు పొదుగుతాను. వెనక గదిలో ఆవిడ చక్రం ఆగితే ముందు గదిలో నా సుత్తీ ఆగినట్టే.

"అడక్కపోతే ఏం కొంప మునిగిపోతుంది?" అని అరిచాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఆవిడ నన్ను అగ్గిపుల్లా అని పిలుస్తుంది.

"ఒకావిడ కొంప మునిగిందే అగ్గిపుల్లా. అందుకే అడుగుతున్నా" అంది.

ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఒక పెద్ద కార్ఖానాలో పనిచేసేది. ముప్పై చక్రాలు, ముప్పై మంది ఆడవాళ్ళు. ఒకసారి మూడొందల రాళ్ళు గోనెసంచిలో వచ్చాయి. రెండు వారాల్లో అందరూ కలిసి కోసి పంపేశారు. తర్వాత ఒకరోజు ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పులకు మట్టి ఎండిపోయి ఉంది. గొయ్యి కూలి భర్త పోయాడట. పోయే ముందురోజు ఆయన తీసిన రాయి ఈ సంచిలోనే వచ్చిందని ఎవరో చెప్పారట. "నాకు ఇవ్వక్కర్లేదమ్మా. ఒక్కసారి చూపించండి చాలు" అంది.

ఎవరు చూపిస్తారు? ఏది ఎవరు తీసిందో ఎక్కడా రాసి లేదు. అది తన చేతిలోంచి వెళ్ళిందో పక్కామె చేతిలోంచి వెళ్ళిందో కూడా మా పెద్దమ్మకు తెలియలేదు. వచ్చినావిడ సాయంత్రం దాకా గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయింది. మర్నాడే పెద్దమ్మ ఆ కార్ఖానా మానేసి సొంతంగా ఒక పాత చక్రం కొనుక్కుంది.

అప్పటినుంచీ రాయికో కాగితం పొట్లం. పొట్లం మీద మూడు గీతలు. మొదటి గీత మీద ఎక్కడిది. రెండో గీత మీద ఎవరు తీశారు. మూడో గీత మీద ఎవరి దగ్గరికి వెళ్ళింది. రాయి నగలోకి వెళ్ళాక ఖాళీ పొట్లం మా ఇంట్లో చెక్కపెట్టెలో ఉండిపోతుంది. అలాంటివి నాలుగు పెట్టెలున్నాయి. మొదటి రెండు గీతలూ ఎప్పుడూ నిండుతాయి. మూడోది మాత్రం ఖాళీ. నగ దుకాణానికి వెళ్ళాక ఎవరు కొన్నారో మాకెవరు చెబుతారు? అడిగితే విచిత్రంగా చూస్తారు. అయినా సరే, ప్రతి పొట్లం మీదా ఆ మూడో గీత గీసి వదిలేస్తుంది.

"ఎందుకా గీత? కాగితం దండగ" అనేదాన్ని.

"ఉండనీవే. ఖాళీగా ఉంటే అడగాలని గుర్తుంటుంది" అనేది.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ పెద్దమ్మే. చక్రం తిరుగుతుంటే దాని పక్కన చాప మీద పడుకుని నిద్రపోయేదాన్నట. చక్రం మీద ఎప్పుడూ నీటిచుక్కలు పడుతూనే ఉండాలి. పొడిగా తిప్పితే రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, తనకు పని నేర్పిన గురువు అలాగే దగ్గి దగ్గి పోయాడని, ఆ విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటుంది. నీళ్ళు అయిపోయినా నేను చూడకుండా కూర్చుంటే మొహం వాచేలా చివాట్లు పెట్టేది.

ఇక జల్లెడక్క సంగతి. నదిపాయల పక్కన గోతులు తవ్వి, కంకర జల్లెడ పట్టి రాళ్ళు ఏరుకునే ఆడవాళ్ళ బృందంలో మనిషి ఆవిడ. మధ్యవర్తులు లేకుండా నేరుగా మా ఇంటికి తెస్తారు. పిల్లల్ని గోతిలోకి దింపరు, తవ్విన గొయ్యి పూడ్చకుండా రెండోది మొదలుపెట్టరు. పెద్దమ్మ మూడు ప్రశ్నలూ అడగకముందే జల్లెడక్క గడగడా జవాబులు చెప్పేసి, "టీ పెట్టండి ఇంక" అంటుంది. భుజాలు ఎంత దృఢంగా ఉంటాయో నవ్వు అంత మెత్తగా ఉంటుంది.

ఈసారి మాత్రం అలా అనలేదు. కొంగు ముడి విప్పి ఒక్క రాయి తీసి బల్ల మీద పెట్టింది. చిక్కుడు గింజంత నీలం రాయి. నీలమని పేరే గాని చాలామటుకు నీళ్ళలా తెల్లగా ఉంది. ఒక కొసన మాత్రం చిక్కటి నీలి రంగు, గోటి మీద మచ్చంత. రెండో కొసన ముసురు పట్టినట్టు మసక పొర.

"ఇది అమ్మడానికి కాదు పెద్దమ్మా" అంది. "పందొమ్మిదేళ్ళయింది నేను గోతిలో దిగబట్టి. తీసినవన్నీ ఎవరెవరి వేళ్ళకో వెళ్ళిపోయాయి. నా వేలికి ఒక్కటీ లేదు. ఇది నాకే. కోసి పెట్టండి. చెల్లి ఉంగరం చేస్తుంది."

పెద్దమ్మ ఆ రాయిని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు తిప్పింది. "నీలి కొస అడుక్కి వచ్చేలా కొయ్యాలి. ఆ చిటికెడు రంగు కింద ఉంటే పైనుంచి చూసేవాళ్ళకి రాయంతా నీలంగానే కనిపిస్తుంది. మసక కొస తీసిపారేస్తాను" అంది. ఇది ఆ పని తెలిసినవాళ్ళకే తెలిసే కిటుకు. ఆ చిటికెడూ పోయిందంటే రాయికి రంగే ఉండదు.

"అయితే ఊళ్ళో అందరికీ చెప్పుకోవచ్చన్నమాట, నీలం ఉంగరం పెట్టుకున్నానని!" అని జల్లెడక్క సంబరపడిపోయింది. నేను దారం పెట్టి వేలి కొలత తీసుకున్నాను. మూడు వారాల్లో వస్తానని వెళ్ళింది.

ఇప్పుడు నా నిర్వాకం చెప్పాలి. ఏడాదిగా నేనొకటి గమనిస్తున్నాను. పెద్దమ్మకు నీలి రంగు సరిగా కనబడటం లేదు. నీలం బకెట్ తెమ్మంటే బూడిదరంగుది తెచ్చి, ఇదే కదా అంటుంది. సూదిలో దారం నన్నే ఎక్కించమంటుంది, "నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా" అనే వంకతో. కళ్ళ డాక్టరు మాట ఎత్తితే చాలు లేచి వెళ్ళిపోతుంది. చక్రం ముందు కూర్చున్న మనిషితో నీ కళ్ళు పోయాయని ఎలా చెప్పను? నా నోరు ఊరందరి మీదా లేస్తుంది గాని ఆవిడ మీద ఆ ఒక్క మాటా లేవలేదు.

అందుకని గడుసుగా ఒక పని చేశాను. పెద్దమ్మ సంతకు వెళ్ళినప్పుడు ఆ పొట్లం విప్పి, నీలి కొస మీద నల్ల సిరాతో చిన్న చుక్క పెట్టాను. రంగు కనబడకపోయినా చుక్క కనబడుతుంది, ఈ కొస జాగ్రత్తగా చూసుకుంటుంది, ఆవిడ పరువూ దక్కుతుంది అనుకున్నాను. నా బల్ల మీద చుక్క పెట్టానంటే, ఇక్కడ ఆకురాయి తగలకూడదు అని. పదేళ్ళుగా అదే అలవాటు.

ఆవిడ బల్ల మీద అలవాటు వేరు. సానపట్టేవాళ్ళు చుక్క పెట్టేది లోపం ఉన్నచోట. చుక్క ఉన్నంతమేరా అరగదీసేస్తారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే! ఆ క్షణాన నా చేతికి తోచలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ పుల్ల కొసన లక్క కరిగించి రాయిని అతికింది. రెండు పొద్దులు చక్రం తిప్పింది. నేను ముందు గదిలో ఉంగరానికి తీగ వంచుకుంటూ, తెలివిగా గట్టెక్కించానని లోలోపల మురిసిపోతున్నాను. రెండో రోజు మధ్యాహ్నం పిలిచింది.

"ఏమే, ఇటు రా. దీని రంగు ఎలా వచ్చిందో చూడు."

తెల్లకాగితం మీద, కిటికీ వెలుగులో సగం కోసిన రాయి ఉంది. నీటిబొట్టులా ఉంది. ఎక్కడా రంగన్నది లేదు. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది, రాయి వైపు కాదు.

"రంగు ఉందా?" అని అడిగింది. నలభై ఏళ్ళు రాళ్ళ రంగులు చెప్పిన మనిషి నన్ను అడిగింది.

"లేదు" అన్నాను.

ఆవిడ లేచింది. చక్రం ప్లగ్గు పీకింది. తొట్టిలో నీళ్ళు పారబోసింది. గుడ్డతో తుడిచి, పాత తువ్వాలు కప్పింది. "ఇంక చాల్లే. పందొమ్మిదేళ్ళకి ఆ పిల్ల ఒక్క రాయి అడిగింది. దాన్ని నా కళ్ళు మింగేశాయి" అంది.

అప్పుడైనా నోరు విప్పాలా వద్దా? విప్పలేదు. చుక్క నాదని చెబితే, ఎందుకు పెట్టావంటుంది. నీ కళ్ళ మీద నమ్మకం లేక అని చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ ఇక చక్రం ముట్టదు. ఆ రెండిటి మధ్యా ఆ పూటా, మర్నాడు పొద్దుటిదాకా కొట్టుకున్నాను.

మర్నాడు చూస్తే సానపట్టే పుల్లలన్నీ కట్టలు కడుతోంది. "చివరింట్లో ఉన్న కుర్ర సానపనివాడికి ఇచ్చేస్తా. పడేసుకోవడం ఎందుకు?" అంది.

ఇక ఆగలేకపోయాను. "ఆ చుక్క నువ్వు పెట్టింది కాదు! నేను పెట్టాను!" అని అరిచాను. తప్పు చేసినా నాకు అరవడమే వచ్చు.

పుల్లలు కింద పెట్టింది. "నువ్వా? ఎందుకు?"

"నీలి కొస అది. నువ్వు దాన్ని కాపాడుకోవాలని. నా బల్ల మీద చుక్కంటే ముట్టుకోవద్దని కదా, అదే చేత్తో పెట్టేశాను."

"అది సరే. చుక్క పెట్టాల్సిన అవసరం ఏమొచ్చిందంటున్నా."

"నీకు నీలం కనబడట్లేదు కాబట్టి!"

ఆవిడ నెమ్మదిగా చక్రం ముందున్న పీట మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళుగా తెలుసే నీకు?"

"ఏడాదిగా."

"ఏడాదిగా తెలిసి నోరు కుట్టేసుకుని కూర్చున్నావా?"

"నీకు మాత్రం తెలీదా?"

"నాకు రెండేళ్ళుగా తెలుసు" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టాను. ఆవిడ చేతులకు ఎప్పుడూ తడి రాతి వాసన వస్తుంది.

"ఆ చుక్క చూసి ఏమనుకున్నానో తెలుసా?" అంది నా జుట్టు సవరిస్తూ. "నేనే పెట్టి మర్చిపోయాననుకున్నా. కళ్ళతోపాటు మతి కూడా పోతోందని హడలిపోయా. ఎవరికైనా చెబితే చక్రం ముట్టుకోనివ్వరని, గబగబా అరగదీసేశా. నిన్ను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది."

"నేను ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది."

"లోకంలో అందరినీ ఎక్కడిది, ఎవరిది అని అడుగుతా. నా బల్ల మీద చుక్క ఎవరిదని అడగలేదు చూడు" అంది. అప్పుడు ఆవిడ కూడా ఏడ్చింది. కళ్ళకు పట్టినవి శుక్లాలని, ఆపరేషన్ తప్పదని తనకూ తెలుసట; ఎందుకు వద్దనుకుంటోందో అప్పుడే చెప్పింది. అది పాడైతే ఉన్న కాస్త చూపూ పోతుందని, చూపు పోతే తన చేతులకు ఇంకేం పని ఉంటుందని భయం. అంతే. ఆ భయం నాతో ముందే చెప్పి ఉంటే కూర్చుని ధైర్యం చెప్పేదాన్ని కదా!

చెప్పిన రోజుకే జల్లెడక్క వచ్చింది. తలకు నూనె రాసి చక్కగా దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"నీ రాయి పాడుచేశానమ్మా. నాదే తప్పు" అంది పెద్దమ్మ, ఆవిడ కూర్చోకముందే.

"ఆవిడది కాదు, నాది. తప్పుడు చుక్క పెట్టింది నేను" అన్నాను.

"చక్రం తిప్పింది నేను. నువ్వు ఊరుకో."

"నువ్వే ఊరుకో!"

"మళ్ళీ అరుస్తున్నావా?"

జల్లెడక్క ఒకసారి నా వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసి, "ముందు రాయి చూపిస్తారా?" అంది.

ఇచ్చాం. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నీలంగా ఉంటుందనుకున్నా. అందరికీ చెప్పేశాను కూడా" అంది చివరికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పెద్దమ్మ లేచి వెళ్ళి, బీరువాలో దాచుకున్న ఒక నీలం తెచ్చింది. చక్కటి రంగు, చూడగానే మనసు లాగేస్తుంది. ఎప్పుడో తనకోసమని కొనుక్కున్నది అదొక్కటే. జల్లెడక్క చేతిలో పెట్టి, "ఇది తీసుకో తల్లీ" అంది.

జల్లెడక్క దాన్ని చూసింది. "బాగుంది. ఇదెవరు తీశారు?"

పెద్దమ్మ ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి అనుకుంటాను. తడబడుతూ, "ఎవరో... ఒక పెద్దాయన. పొట్లం మీద పేరుంది" అంది.

"ఆ పెద్దాయనది నాకెందుకు పెద్దమ్మా? ఎవరో తీసింది పెట్టుకోవాలంటే దుకాణానికే వెళ్ళేదాన్ని కదా" అని తిరిగి ఇచ్చేసింది.

తర్వాత తన తెల్లరాయిని తొట్టి పక్కనున్న నీళ్ళ గిన్నెలో వేసింది. తడిలో చూడటం తవ్వేవాళ్ళ అలవాటు. రంగు లేని రాయి కదా, నీళ్ళలో పడగానే దాదాపు మాయమైంది. నేను వంగి చూశాను, నాకు కనిపించలేదు. జల్లెడక్క కళ్ళు మూసుకుని వేళ్ళతో అడుగంతా తడిమి, పట్టుకుని పైకి తీసింది.

"మొదటిసారి కూడా ఇలాగే దొరికింది. బురదనీళ్ళలో చేతికి తగిలింది. అప్పుడు మాత్రం రంగు చూశానా ఏంటి?" అంది. ముక్కు ఎగబీల్చి నవ్వింది. "ఇదే నాది. మిగతా సగం కూడా మీరే కొయ్యండి."

"నా కళ్ళు..."

"కళ్ళు బాగుచేయించుకుని కొయ్యండి. పందొమ్మిదేళ్ళు ఆగినదాన్ని, రెండు నెలలు ఆగలేనా? కానీ ఒక్కటి. వేరేవాళ్ళ చేత కోయించారో, ఊరుకోను."

నేను ఏడాది పాటు అనలేకపోయిన మాట ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అనేసి పోయింది. ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళాం. ఆపరేషన్ రోజున పెద్దమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా వేళ్ళు తిమ్మిరెక్కాయి. కట్టు విప్పాక మొదట నన్నే చూసింది. "అయ్యో, నీకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే అగ్గిపుల్లా?" అంది. నర్సులందరూ నవ్వారు. ఇంటికి వచ్చాక నీలం బకెట్ దగ్గర అలాగే నిలబడిపోయింది. ఒట్టి ప్లాస్టిక్ బకెట్! దాన్ని ఎంత ప్రేమగా చూసిందో చెబితే నమ్మరు.

రెండో కన్ను కూడా అయ్యి, డాక్టరు సరేనన్నాక, తువ్వాలు తీసి చక్రం తిప్పింది. మసక పొర పోయేదాకా, రాయి ముఖాలన్నీ, ఆ చిన్న చిన్న పలకలన్నీ, సరిగా తేలేదాకా ఐదు రోజులు పట్టింది. మధ్యమధ్య "ఇటు రా, ఇక్కడ ఏం కనబడుతోందో చెప్పు" అని నన్ను పిలిచేది. కళ్ళు వచ్చాక అడగడం కూడా వచ్చింది. చుక్క విషయంలో కూడా ఇంట్లో ఒక చట్టం చేసుకున్నాం. ఎవరు పెట్టినా ముందు చెప్పి పెట్టాలి.

ఉంగరం నేను వెండిలో చేశాను. జల్లెడక్క వచ్చి పెట్టుకోబోతే కణుపు దగ్గర ఆగిపోయింది. పందొమ్మిదేళ్ళు పార పట్టిన వేళ్ళు, కణుపులు కాయలు కాసి ఉన్నాయి. నేను కొలిచింది కణుపు కింద. అదీ నా తెలివి! నన్ను నేను తిట్టుకుంటూ అక్కడికక్కడే వెనకవైపు తీగ కోసి, కాస్త సాగేలా ఉంగరం నోరు విప్పి ఇచ్చాను. ఈసారి ఎక్కింది. ఆవిడ చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చూసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. తెల్లటి రాయి ఆ నల్లటి వేలి మీద తళుక్కుమంది.

"ఊళ్ళో నీలం అని చెప్పావు కదక్కా, ఇప్పుడేం చెబుతావు?" అన్నాను.

"నాది అని చెబుతా" అంది.

పెద్దమ్మ ఆ రాయి పొట్లం తెచ్చింది. మొదటి గీత మీద నదిపాయ పేరు. రెండో గీత మీద జల్లెడక్క పేరు. మూడోది ఖాళీ. నాలుగు పెట్టెల పొట్లాల్లో ఎప్పుడూ ఖాళీగా ఉండిపోయిన గీత. పెద్దమ్మ కలం మూత తీసి రాయబోయింది.

"ఇలా ఇవ్వండి, నేను రాస్తా" అని జల్లెడక్క కలం తీసుకుంది. ఉంగరం ఉన్న చేత్తో కాగితం అదిమిపట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. రాసి పెద్దమ్మ వైపు తిప్పింది.

పెద్దమ్మ కళ్ళజోడు లేకుండానే చదివింది. ఎవరు తీశారు అన్నచోట జల్లెడక్క పేరు ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళింది అన్నచోట, పెద్ద పెద్ద అక్షరాలతో, "నేనే" అని ఉంది.